ఖురియాత్ ఎద్దు కొమ్ములకు పడవ రంగు

నా వీసా కాగితం మీద రాసిన పని మేస్త్రీ హెల్పరు. అది పూర్తిగా అబద్ధం కాదు, మొదట్లో ఆ పనే చేశాను. కానీ ఒమన్‌లో నేను చేసిన అసలు ఉద్యోగం వేరు. ఒక ఎద్దుకు పంతులుగా పనిచేశాను. ఖర్జూరాలు తిని పెరిగిన అరబ్బు ఎద్దుకు తెలుగు నేర్పాను. నేర్పుతున్నానని నాకూ తెలియదు, నేర్చుకుంటున్నానని దానికీ తెలియదు. ఆ సంగతి మా ఇద్దరికీ, ఖురియాత్ జనానికీ ఒకేసారి తెలిసిన రోజు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. గల్ఫ్ కథలంటే ఏడుపులే అనుకునే పిల్లలు కాస్త సర్దుకుని కూర్చోండి. ఇందులో ఏడుపు తక్కువ, దుమ్ము ఎక్కువ.

ఎనభైల చివర్లో వెళ్లాను. మాది ఉత్తర తెలంగాణలో గోదావరికి కొంచెం ఇవతల ఒక చిన్న పల్లె. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఇళ్లు కట్టే కంపెనీలో పని. సైట్‌లో ఇటుకలు మోసి, రూమ్‌కు వచ్చి పప్పు వండుకుని పడుకునేవాళ్లం. నేనెవరో నాకే అనుమానం వచ్చింది ఆ రూమ్‌లోనే. పక్క మంచం పంజాబీ నన్ను మద్రాసీ అనేవాడు. మద్రాసు నేను ఎన్నడూ చూడలేదు. మా ఫోర్‌మన్‌ది కోనసీమ, ఆయనకు నేను తెలంగాణవాడిని. ఆ మాట అనేటప్పుడు ఆయన మూతి కొంచెం వంకర పోయేది. ఒమనీలకు నేను హిందీ, అంటే ఇండియావాడిని. సెలవు మీద ఊరికి వస్తే అక్కడ దుబాయోడిని. దుబాయ్ గాలి కూడా నాకు సోకలేదు, కానీ మా ఊరి లెక్కలో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. చివరికి ఎవరు ఏ పేరుతో పిలిచినా పలకడం అలవాటు చేసుకున్నాను.

తొంభైలు సగం దాటాక కంపెనీకి పని తగ్గింది. ఒక రోజు మా యజమాని బావమరిది ఖురియాత్ నుంచి వచ్చాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, పశువుల పని తెలిసినవాడు ఎవరని వచ్చీరాని హిందీలో అడిగాడు. ఆయన మాట పూర్తి కాకముందే నా చెయ్యి లేచింది. పక్కనున్న పంజాబీ నవ్వాడు, వీడు పేడ ఎత్తడానికి కూడా పోటీ పడతాడని. నవ్వితే నవ్వాడు. అలా ఆ పెద్దాయన నాకు అర్బాబ్ అయ్యాడు. అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు.

ఖురియాత్ అంటే ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలు. అర్బాబ్ తోటలో మేకలు, ఆవులు, పాక కింద విడిగా ఒక ఎర్రటి ఎద్దు. మన వైపు ఎడ్ల కంటే పొట్టి, మెడ మాత్రం వాటికి రెండింతలు. ఆ ఇంట్లో దాని పేరు సారూఖ్, అంటే రాకెట్. నేను దగ్గరికి వెళ్లి నిలబడగానే అది నా భుజం వాసన చూసి పెద్దగా ఊపిరి వదిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటి దగ్గర వదిలి వచ్చినవాటిలో దేనికోసం ఎక్కువ బెంగపడ్డానో ఆ నిమిషం దాకా నాకే తెలియదు. ఎద్దు ఊపిరి కోసం. అప్పటి నుంచి నాకది రాకెట్ కాదు, ఎర్రోడు.

అర్బాబ్ ఇంట్లో వంటపని చేసే అక్కది కడప జిల్లా. నాకంటే పెద్దది, నాకంటే ముందు వచ్చింది, అరబ్బీ గడగడా మాట్లాడేది. నేను తెలుగువాడినని తెలిసిన రోజు ఆమె చేసిన మొదటి పని నా యాసను వెక్కిరించడం. రెండో పని అన్నం పెట్టడం. ఆ ఇంటి కబుర్లన్నీ వంటింటి మీదుగానే పోతాయి కాబట్టి ఎద్దు సంగతి కూడా ఆమే చెప్పింది.

ఒమన్‌లో ఎద్దుల పోటీ అంటే మనిషికీ ఎద్దుకీ కాదు, రెండు ఎద్దులకు. కొమ్ములు కలిపి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నెత్తురు కారేదాకా రానివ్వరు, తాళ్లు పట్టుకుని మనుషులు పక్కనే ఉంటారు. వెనక్కి తిరిగి పరుగెత్తింది ఓడినట్టు. డబ్బు పందేలు ఉండవు, ఉన్నదంతా పరువే. కిందటి చలికాలం మా రాకెట్ అవతలి ఎద్దు కొమ్ము తగలగానే తోక ఎత్తి, పోయి అర్బాబ్ జీపు వెనక దాక్కుందట.

"ఈ చలికాలం ఇంకో తూరి దింపుతాడంట అబ్బీ," అంది అక్క. "ఈసారి గూడా ఎనక్కి తిరిగిందంటే బక్రీదుకు కసాయోనికి ఇచ్చేస్తానని పెద్దాయన ఒట్టేసినాడు. నువ్వు ఊరికే దానిమీద మనసు పెట్టుకోమాక."

"అప్పుడే పెట్టుకుంటి గదా అక్కా," అన్నాను.

ఆమె గరిటె అందుకుంది. నా పళ్లెంలో ఇంకొంచెం అన్నం వేసింది.

పనిలో దిగిన మొదటి రోజే గొడవ. అక్కడ పశువులకు ఖర్జూరాలతో పాటు ఎండబెట్టిన చిన్న చేపలు వేస్తారు. గడ్డి తక్కువ, చేప ఎక్కువ అయిన ఊరు మరి. నేను ఆ చేపల తట్ట పట్టుకుని నేరుగా వంటింటి గుమ్మం ముందుకు వెళ్లాను.

"ఎద్దుకు చాపలేంది అక్కా? నంది గాదా అది? నాకు పాపం తగుల్తది."

"వాళ్ల ఎద్దు, వాళ్ల చేపలు. పుట్టినకాడి నుంచి అది తింటానే ఉండాది. దానికి తగలని పాపం నీకేడ తగిలేది?"

చివరికి రాజీ పడ్డాను. చేపలు నేనే వేసేవాడిని, కానీ మొహం పక్కకు తిప్పుకుని. వాటి పైన ఉడికించిన ఉలవలు. మస్కట్ దగ్గర రువి బజారులో ఒక మలయాళీ కొట్టులో ఉలవలు దొరికేవి. అర్బాబ్ పికప్ నడిపే బలూచీ డ్రైవరు తెచ్చేవాడు, అక్క పొద్దున్నే ఉడికించేది. వాటిని నేను గుడాలు అంటాను, ఆమె గుగ్గిళ్లు అంటుంది. దీని మీద మా ఇద్దరికీ ఆ చలికాలమంతా వాదన నడిచింది. ఎర్రోడు మాత్రం ఏ పేరు పెట్టినా గిన్నె అడుగు నాకేసేవాడు.

పోటీకి ఎద్దును ఎలా తయారు చేస్తారో నాకు తెలియదు. మా ఊళ్లో ఎడ్లకు దున్నడం, బండి లాగడం నేర్పేవాళ్లం, కొట్టుకోవడం కాదు. కొట్టుకుంటే మనమే కర్ర పుచ్చుకుని విడదీస్తాం. అందుకని తోచిన పని చేశాను. పాత లారీ టైరులో ఇసుక కూరి రెండు ఖర్జూరపు చెట్ల మధ్య వేలాడదీశాను. ఎర్రోడిని దాని ముందు నిలబెట్టి "నూకు రా" అనేవాడిని. మా వైపు తొయ్యడాన్ని నూకడం అంటాం. నూకితే గుప్పెడు గుడాలు. కానీ టైరు ఊగి తిరిగి వచ్చి కొమ్ములకు తగిలిందంటే బెదిరిపోయి వెనక్కి తిరగబోయేవాడు. వాడి జబ్బంతా అదే. మూపురం మీద చెయ్యి వేసి "మర్లకు, మర్లకు రా" అని బుజ్జగించేవాడిని. మర్లకు అంటే వెనక్కి తిరగకు అని. ఎద్దుతో కబుర్లు చెప్పేంత అరబ్బీ నాకు రాదు, హిందీలో చెబితే నాకే నవ్వు వచ్చేది. కాబట్టి మా ఊరి మాటే. తిట్టినా, బతిమాలినా, పాలేరు పాటలు పాడినా అంతా మా ఊరి మాటే.

చలికాలం సగం గడిచేసరికి టైరు వచ్చి తగిలినా ఎర్రోడు కదలడం మానేశాడు. నాలుగు కాళ్లు ఇసుకలో దిగేసి, మెడ వంచి, ఫుస్ ఫుస్ మంటూ నిలబడేవాడు. అర్బాబ్ సాయంత్రం పూట వచ్చి, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. మెచ్చుకున్నాడో లేదో ఆయనకే తెలియాలి. నేను మాత్రం నన్ను నేను మెచ్చుకుంటూ పడుకునేవాడిని.

పోటీ రేపనగా నా బుర్ర మా ఊరికి వెళ్లిపోయింది. మా వైపు ఎద్దు నలుగురిలోకి పోతుందంటే, జాతరలో గుడి చుట్టూ బండి తిరగడానికి గానీ, ఎడ్లను పూజించే పొలాల అమావాస్యకు గానీ, కొమ్ములు నున్నగా చెక్కి రంగు వేసి, నూనె రాసి, గిట్టలకు ఎరుపు పూసి, మెడలో పూసలు కట్టకుండా గడప దాటనివ్వరు. బోడిగా పంపిన ఇంటిని చూసి ఊరు నవ్వుతుంది. ఎర్రోడు మొదటిసారి నా చేతి మీదుగా జనంలోకి వెళ్తున్నాడు. రేవుకు పోయి, పడవలకు వేసే ఎర్ర రంగు డబ్బాలో అడుగున మిగిలింది అడిగి తెచ్చాను. కొమ్ములకు, గిట్టలకు పట్టించి ఆరబెట్టి, తోకకు ఎర్రగుడ్డతో పువ్వు కట్టాను. మెరుపు చాలలేదు. అక్క తలకు రాసుకునే కొబ్బరినూనె కోసం వంటింటికి వెళ్లాను.

"ఎవరినన్నా అడిగినావా అబ్బీ?"

"జాతరకు బోయేటోడు బోడిగ పోతడా అక్కా?"

"నేను అడిగినావా అంటే, నువ్వు జాతర అంటాండావే."

అంటూనే నూనె సీసా ఇచ్చింది. కాసేపటికి తనే పాక దగ్గరికి వచ్చి, తన పెట్టెలోంచి తీసిన పూసల దండ ఒకటి ఎర్రోడి మెడలో వేసి, దిష్టి తీసినట్టు మెటికలు విరిచి వెళ్లింది.

అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఆ మైదానంలో కొమ్ముకు నూనె రాయడం ఎంత పెద్ద తప్పో నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు.

మర్నాడు ఎండ తగ్గాక వెళ్లాం. సముద్రం ఒడ్డున మైదానం, చుట్టూ గుండ్రంగా జీపులు, పికప్‌లు. మగవాళ్లంతా నేల మీద, పిల్లలు బండ్ల పైన. అర్బాబ్ మనవళ్లను చూసుకోవడానికి అక్క జీపులో వచ్చింది. పికప్ నుంచి ఎర్రోడిని దింపగానే జనమంతా ఇటు తిరిగారు. మిగతా ఎద్దులన్నీ ఉత్త తాడుతో వచ్చాయి. మావాడు మాత్రం పెళ్లికొడుకు. కొమ్ములు ఎండకు ధగధగా మెరిసిపోతున్నాయి. నా ఛాతీ ఉప్పొంగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

మా ఎద్దుకు జోడీగా ఒక నల్ల ఎద్దును నిర్ణయించారు. దాని యజమాని నవ్వుతూ దగ్గరికి వచ్చి, సరదాగా ఎర్రోడి కొమ్ము పట్టుకుని, చెయ్యి తీసి చూసుకున్నాడు. వేళ్లు జిడ్డుగా మెరిశాయి. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ చెయ్యి పైకెత్తి జనానికి చూపిస్తూ ఏదో అరిచాడు.

బలూచీ డ్రైవరు నా పక్కకు వచ్చి, "అరే భాయ్, యే క్యా కియా తూనే?" అన్నాడు, ఇదేం పని చేశావని. కొమ్ముకు నూనె ఉంటే అవతలి ఎద్దు కొమ్ము జారిపోతుందని, పట్టు దొరకదని, అది దొంగాట అని ఉర్దూలో గబగబా చెప్పాడు.  అర్బాబ్ వైపు చూడలేకపోయాను. ఎవరి దగ్గరా ఒక మాట పడని మనిషి. చుట్టూ గొంతులు పెరుగుతున్నాయి. ఎద్దును ఇంటికి తోలుకుపొమ్మంటున్నారని డ్రైవరు చెప్పాడు. ఆ ఇంటి తరవాత ఎర్రోడు ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. అంత దొంగపేరు తెచ్చిన ఎద్దును అర్బాబ్ మళ్లీ ఏ మైదానంలోకి తెస్తాడు? బక్రీదు దగ్గర్లోనే ఉంది.

పోటీకి పెద్దమనిషిగా ఒక ముసలాయన ఉన్నాడు. తెల్ల గడ్డం, నడుముకు వంకీ కత్తి. "మిన్ సవ్వా హాదా?" అని అడిగాడు, ఇది ఎవరు చేశారని. అర్బాబ్ నోరు తెరవబోయాడు. ఆయన తన మీద వేసుకుంటాడో, నా వైపు చూపిస్తాడో తెలిసేలోగా నేనే ముందుకు వచ్చి "అనా" అన్నాను. నేనే అని.

"లేష్?" ఎందుకు?

అక్కడ ఆగిపోయాను. జాతరను అరబ్బీలో ఏమంటారు? చేతులతో మొదలుపెట్టాను. తలపాగా చుట్టుకుని చూపించాను, దండ వేసుకుని చూపించాను, డప్పు కొట్టి చూపించాను. జనం నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. లాభం లేదని డ్రైవరు చెయ్యి పట్టుకుని నాకు వచ్చిన ఉర్దూలోకి దిగాను. మా దేశంలో ఎద్దు నలుగురిలోకి వెళ్తే పెళ్లికొడుకును చేసి పంపుతామని, ఉత్త కొమ్ములతో పంపితే దాన్ని చిన్నబుచ్చినట్టని, నాకు దొంగాట తెలియదని, దొంగాటే ఆడాలనుకుంటే కొమ్ములకు నూనె రాసి ఊరుకుంటాను గానీ గిట్టలకు రంగెందుకు పూస్తానని అన్నాను.

డ్రైవరు అంతా అరబ్బీలో చెప్పాడు. ముసలాయన వంగి గిట్టలు చూశాడు. ఎర్రగా ఉన్నాయి. వెనక్కి నడిచి తోక చూశాడు. నేను కట్టిన ఎర్రగుడ్డ పువ్వు ఉంది. మెడలో అక్క పూసలు చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడు. తరవాత మొహం గట్టిగా పెట్టుకుని తీర్పు చెప్పాడు. సముద్రం పక్కనే ఉంది, అందరి కళ్ల ముందూ ఇసుకతో కొమ్ములు తోమాలి, ఆ తరవాత తన రుమాలుకు జిడ్డు అంటితే ఇంటికి పోవాలి. నల్ల ఎద్దు యజమాని ఇంకో షరతు పెట్టాడు. ఈ హిందీ మైదానంలో అడుగు పెట్టకూడదు. ముసలాయన దానికీ సరే అన్నాడు.

తోమాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పిడికిళ్లతో తడి ఇసుక తీసుకుని, బిందె తోమినట్టు తోమాను. నూనె పోయింది. రంగు పోతే ఒట్టు. సముద్రంలో నానినా పోకూడదనే కదా పడవలకు ఆ రంగు వేసేది. నేను తోమినకొద్దీ అది ఇంకా నిగనిగలాడుతోంది.  ముసలాయన ఒడ్డుకు వచ్చి, తెల్ల రుమాలు కొమ్ముకు చుట్టి గట్టిగా రుద్ది విప్పాడు. తెల్లగానే ఉంది. జారనిది ఏ రంగైతేనేం, ఉండనివ్వండి అన్నాడట.

నన్ను బండ్ల వెనక్కి పంపేశారు. అక్క ఉన్న జీపు పక్కన నిలబడ్డాను. అర్బాబ్ కొడుకులు తాడు పట్టుకుని ఎర్రోడిని మధ్యలోకి నడిపించారు. నల్ల ఎద్దు అప్పటికే నేల తవ్వుతోంది. ఎర్రోడు తల వంచాడు. మళ్లీ ఎత్తాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరికోసం వెతుకుతున్నాడో నాకు తెలుసు. నల్లది వచ్చి కొమ్ము తగిలించింది. ఎర్రోడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అర్బాబ్ కొడుకులు అరబ్బీలో అరుస్తున్నారు. వాడికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఇంకో అడుగు వెనక్కి. వాడి నడుము పక్కకు తిరగడం మొదలైంది. జనం ఈలలు వేశారు. నేను జీపు తలుపు పట్టుకుని నిలబడ్డాను. కదిలితే గొడవ, గొడవైతే పోలీసు, పోలీసు వస్తే వీసా మీద మేస్త్రీ హెల్పరు అని ఉన్నవాడు ఎద్దు దగ్గర ఏం చేస్తున్నాడని అడుగుతారు.

జీపు కిటికీలోంచి అక్క నా వీపు మీద చరిచింది.

"కాలు పెట్టొద్దన్నారు గానీ నోరు ఎత్తొద్దన్నారా? అరువు అబ్బీ."

అరిచాను. కడుపులో ఉన్నదంతా తీసి అరిచాను. "ఎర్రోడా, మర్లకు. మర్లకు రా. నూకు, నూకు."

వాడి చెవులు రెండూ నా వైపు తిరిగాయి. నడుము ఆగింది. నాలుగు కాళ్లూ ఇసుకలో దిగబడ్డాయి. మెడ వంచి, ఆ ఎర్ర కొమ్ములు నల్ల ఎద్దు కొమ్ముల్లో బిగించాడు. దుమ్ము లేచింది. నేను "నూకు రా" అన్నప్పుడల్లా ఒక అడుగు ముందుకు. జనం ఈలలు ఆపేశారు. అరుపు ఎటు నుంచి వస్తోందా అని తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. నల్ల ఎద్దు యజమాని నన్ను చూపిస్తూ ముసలాయనతో ఏదో అన్నాడు. ముసలాయన నా కాళ్ల వైపు చూశాడు. అవి బండ్ల వరస బయటే ఉన్నాయి. చేతులు కట్టుకుని మళ్లీ ఎద్దుల వైపు తిరిగాడు.

నల్లది తక్కువది కాదు, మళ్లీ పుంజుకుని తోసింది. సరిగ్గా అప్పుడే నా గొంతు బొంగురుపోయింది. నోరు ఆడుతోంది, చప్పుడు రావడం లేదు. ఎర్రోడి కాళ్లు జారుతున్నాయి. ప్రాణం పోయినట్టయింది. అప్పుడు మైదానం మధ్యలోంచి ఒక ముసలి గొంతు లేచింది. "నూకు రా." అర్బాబ్. నెలల తరబడి చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడిన మనిషి ఊరికే నిలబడలేదన్నమాట. "మర్లకు రా. నూకు రా." ఆయన కొడుకులు అందుకున్నారు. డ్రైవరు అందుకున్నాడు. జీపులో మనవళ్లు, వాళ్ల వెనక అక్క, తరవాత మా వైపు బండ్ల మీద ఉన్నవాళ్లంతా. అర్థం తెలిసినవాళ్లం ఇద్దరమే, అరిచేవాళ్లు ఊరంతా. అరేబియా సముద్రం ఒడ్డున అంతమంది ఒమనీలు చప్పట్లు కొడుతూ నూకు రా, నూకు రా అని అరుస్తుంటే నాకు ఒళ్లంతా పులకరించింది. గెంతాలనిపించింది. గెంతాను కూడా.

నల్ల ఎద్దు మెడ పక్కకు వాలింది. మరుక్షణం వెనక్కి తిరిగి, తాడు పట్టుకున్నవాళ్లను ఈడ్చుకుంటూ సముద్రం వైపు పరుగెత్తింది. ఎర్రోడు దాని వెంట పడలేదు. ఉన్నచోటనే నిలబడి, నా వైపు చూస్తూ గుడాల కోసం నాలుక చాచాడు.

ముసలాయన నన్ను లోపలికి రమ్మని చేయి ఊపాడు. ఇప్పుడు అడుగు పెట్టవచ్చు. నేను వెళ్లేసరికి అర్బాబ్ ఎద్దు మూపురం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఈ పండక్కి మేకను కోద్దామని కొడుకులతో అన్నాడు. నేను ఎర్రోడి మెడ పట్టుకుని, సిగ్గు లేకుండా, అందరి ముందూ ఏడ్చాను. మొదట్లో ఏడుపు తక్కువ అన్నాను కానీ అసలు లేదని చెప్పలేదు.

పక్కనే ఒకతను చేతి మైకులో గెలిచిన అర్బాబ్ పేరు, ఎద్దు పేరు చెబుతున్నాడు. ముసలాయన అతన్ని ఆపి, నన్ను ఏదో అడిగాడు. నా బదులు చుట్టూ ఉన్నవాళ్లే "హిందీ, హిందీ" అన్నారు. అది నాకూ తెలుసు అన్నట్టు ఆయన చెయ్యి విదిల్చాడు. డ్రైవరు చెప్పాడు, ఎడ్లను పెళ్లికొడుకులను చేసే ఆ ఊరు ఏదని అడుగుతున్నాడు, ఊరి పేరు చెప్పు అని. హైదరాబాద్ అనవచ్చు. ఆ పేరు వాళ్లందరికీ తెలుసు. కానీ నా నోటికి మా ఊరి పేరే వచ్చింది. మా జిల్లా బస్సు కండక్టరు కూడా రెండుసార్లు అడిగితే గానీ టికెట్టు కొట్టని ఊరు. మైకు అతను దాన్ని ఒకసారి నమిలి చూసుకుని, గట్టిగా చెప్పాడు. సగం విరిచాడు, సగం సాగదీశాడు. అయినా అది మా ఊరే. గాలికి ఆ పేరు నీళ్ల మీదుగా పోయింది.

పరుగెత్తుకుంటూ జీపు దగ్గరికి వెళ్లాను. "ఇన్నవా అక్కా? మైకుల మా ఊరి పేరు చెప్పిండు."

అక్క నవ్వింది, కానీ నవ్వు పూర్తిగా రాలేదు.

"ఇన్యాలే. గుగ్గిళ్లు ఉడకబెట్టింది ఎవురు? నూనె ఎవురిది, పూసలు ఎవురివి? మా ఊరికి పేరు లేదా అబ్బీ?"

వెనక్కి పరుగెత్తాను. అప్పటికి సగం బండ్లు ఇళ్లదారి పట్టాయి. మైకు అతను బ్యాటరీలు తీసి జేబులో వేసుకుంటున్నాడు. చేతులు పట్టుకుని బతిమాలాను. ముసలాయన చూసి, తల ఊపి, బ్యాటరీలు మళ్లీ వేయమన్నాడు. అక్క ఊరి పేరు అతనికి నిదానంగా, ముక్కలు చేసి చెప్పాను. మా ఊరి పేరు కంటే బాగా పలికాడు.

జీపు వైపు తిరిగి చూశాను. అక్క తలుపు తీసుకుని కిందికి దిగింది. ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు, ఆ ఖాళీ అవుతున్న మైదానానికి ఎదురుగా నిలబడి, చెయ్యి పైకెత్తింది.